జూద వ్యసనానికి మెదడు ఉద్దీపన చికిత్స

జూద వ్యసనానికి మెదడు ఉద్దీపన చికిత్స అనగా పుర్రెకు కోత పెట్టకుండా, బయటి నుండి అయస్కాంత స్పందనల ద్వారా గాని, స్వల్ప విద్యుత్ ప్రవాహం ద్వారా గాని మెదడులోని కొన్ని భాగాల పనితీరును మార్చి, జూదమాడాలనే తీవ్రవాంఛను తగ్గించే ప్రయత్నం. ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది. కుంగుబాటు వ్యాధికి ఇదే పద్ధతి ఆమోదం పొందినది కాబట్టి జూదానికి కూడా పనిచేస్తుందని అనుకోవడానికి వీలు లేదు.

వ్యాధి స్వరూపం

జూదాన్ని చాలాకాలం కేవలం నడవడికకు సంబంధించిన దోషంగానే భావించేవారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన మానసిక వ్యాధుల పట్టికలో దీనికి మొదటిసారి చోటు దక్కింది. అప్పుడు దీనిని ఆవేశాన్ని అణచుకోలేని రుగ్మతల కోవలో ఉంచారు. 2013లో వచ్చిన అయిదవ కూర్పులో మద్యం, మాదకద్రవ్యాల వంటి వ్యసనాల వర్గంలోకి మార్చారు. ఏ పదార్థమూ శరీరంలోకి పోకుండానే కలిగే వ్యసనం ఆ వర్గంలో చేరడం అదే ప్రథమం.

ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం ఒక జూదరి విలాపమే. ఇక ఆడకూడదని నిశ్చయించుకున్నవాడు పాచికల చప్పుడు వినగానే మళ్ళీ జూదశాలకు పోతాడు. నేటి పరిశోధకులు కొలవదలచినది కూడా సరిగ్గా ఈ లక్షణాన్నే: ఆటను గుర్తుచేసే దృశ్యమో శబ్దమో ఎదురైనప్పుడు పుట్టే వాంఛ.

ఈ రుగ్మతకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆమోదించిన మందు ఏదీ లేదు. నాల్ట్రెక్సోన్ వంటి మందులను వైద్యులు ప్రయత్నిస్తుంటారు. ఆలోచనా సరళిని, అలవాట్లను సరిదిద్దే మానసిక చికిత్సయే ప్రధానమైనది. అయితే మధ్యలో మానివేసేవారు, తిరిగి ఆటలో పడేవారు ఎక్కువ కావడం వలన వేరే మార్గాల అన్వేషణ జరుగుతున్నది.

మెదడుతో సంబంధం

మెదడు లోతట్టున ఉండే స్ట్రియేటం అనే భాగం, డోపమైన్ అనే రసాయనం సాయంతో, రాబోయే లాభం మీద ఆశను కలిగిస్తుంది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ ఆశకు కళ్ళెం వేస్తుంది. పార్కిన్సన్ వ్యాధికి ప్రమిపెక్సోల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి, అంతకుముందు లేని జూదపు పిచ్చి పట్టుకోవడం వైద్యులకు తెలిసిన విషయమే. డోపమైన్ పాత్రకు ఇది బలమైన సాక్ష్యం.

స్ట్రియేటం బయటి అయస్కాంతానికి నేరుగా అందదు. సాధారణ తీగచుట్ట ప్రభావం రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే ఉంటుంది. అందువలన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను ఉద్దీపింపజేసి, దానితో ముడిపడిన నాడీమార్గాల ద్వారా లోపలి భాగాన్ని ప్రభావితం చేయాలని చూస్తారు.

పద్ధతులు

మొదటిది ట్రాన్స్‌క్రేనియల్ మ్యాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్. దీనిని 1985లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం రూపొందించింది. తల మీద ఉంచిన తీగచుట్టలో విద్యుత్తు క్షణకాలం ప్రవహించగా పుట్టే అయస్కాంత క్షేత్రం, 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ప్రకారం, నాడీకణాలలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. సాధారణంగా సెకనుకు ఒక స్పందన చొప్పున ఇస్తే ఆ భాగం మందగిస్తుందని, అయిదు లేక అంతకు మించి ఇస్తే చురుకవుతుందని చెబుతారు గాని, అందరిలోనూ ఇలాగే జరగదు. ఈ పద్ధతికి అమెరికాలో కుంగుబాటుకు 2008లోను, పొగాకు మాన్పించడానికి 2020లోను అనుమతి లభించింది.

రెండవది టీడీసీఎస్. ఇందులో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడుల ద్వారా ఒకటి రెండు మిల్లీయాంపియర్ల ఏకముఖ విద్యుత్తును పంపుతారు. పరికరం చౌక.

పరిశోధనలు

2013లో ఇజ్రాయిల్ పరిశోధకులు అయిదుగురు రోగులకు లోతుకు చేరే ప్రత్యేక తీగచుట్టతో చికిత్స చేయగా నిలకడైన ఫలితం రాలేదు. 2016లో కెనడాలో తొమ్మిదిమంది పురుషులపై జరిగిన ప్రయోగంలో స్లాట్ మెషీన్ ఆడిన తరువాత కలిగే వాంఛ తగ్గింది. 2017లో ఫ్రాన్సులో 22 మందికి ఎడమవైపు ప్రీఫ్రంటల్ భాగంపై అధిక వేగంతో ఒక్కసారి ఉద్దీపన ఇవ్వగా, జూదపు దృశ్యాలు చూసినప్పుడు పుట్టే వాంఛ నకిలీ ఉద్దీపన కంటే ఎక్కువగా తగ్గింది.

వీటన్నిటికంటే ఆలోచింపజేసేది 2018లో ఫ్రాన్సులోనే వెలువడిన మరొక అధ్యయనం. అందులో 30 మందికి కుడివైపున తక్కువ వేగంతో ఉద్దీపన ఇచ్చారు. వాంఛ తగ్గింది; కాని నకిలీ ఉద్దీపన పొందినప్పుడు కూడా అంతే తగ్గింది. పెద్ద యంత్రం, దాని టకటక శబ్దం, వైద్యుల శ్రద్ధ రోగిలో కలిగించే నమ్మకమే కొంత పనిచేస్తుందన్నమాట. నకిలీ చికిత్సతో పోల్చని ఫలితాలకు ఈ రంగంలో విలువ తక్కువ.

టీడీసీఎస్ విషయానికి వస్తే, 2019లో టర్కీలో 20 మందిపై జరిగిన అధ్యయనంలో మూడు విడతల ఉద్దీపన తరువాత లాభనష్టాలను బేరీజు వేసే పరీక్షలో రోగులు మెరుగైనారు. పరీక్షలో పేకముక్కలు సరిగా ఎంచుకోవడం, ఇంటి దగ్గర జీతపు డబ్బును కాపాడుకోవడం ఒకటి కావు.

పరిమితులు, జాగ్రత్తలు

పైన పేర్కొన్న అధ్యయనాలు చిన్నవి, ఎక్కువభాగం ఒకటి రెండు విడతలకే పరిమితమైనవి. కుంగుబాటుకు వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుండి ఆరు వారాలు చికిత్స చేస్తారు. వాంఛ తగ్గడాన్ని కొలిచినంతగా, ఆట మానడాన్ని నెలల తరబడి గమనించలేదు. అప్పులపాలైన కుటుంబం చేత ఈ దశలో పెద్ద మొత్తాలు ఖర్చు పెట్టించడం సమంజసం కాదు.

టీఎంఎస్ వలన తలనొప్పి సాధారణం, మూర్ఛ అరుదు. తలలో లోహపు ముక్కలు, కాక్లియర్ ఇంప్లాంటు ఉన్నవారికి దీనిని చేయరాదు. మూర్ఛవ్యాధి ఉన్నవారి విషయంలో మిక్కిలి జాగ్రత్త అవసరం. టీడీసీఎస్ వలన చర్మంపై దురద, ఎరుపు కలుగవచ్చు.