బిస్కెట్టు, చీనీకాయ: ఓడ నుంచి వంటింటి దాకా

కడప జిల్లాలో రోగిని పరామర్శించబోయేవారి చేతిసంచిలో సాధారణంగా రెండు వస్తువులుంటాయి. ఒకటి బిస్కెట్టు పొట్లం, రెండవది నాలుగు చీనీకాయలు. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఆసుపత్రి మంచం పక్కన ఈ రెండూ కలిసే కనబడతాయి. బిస్కెట్లు ఆ పూటే అయిపోతాయి. కాయలు మాత్రం తొక్క వాడిపోయేదాకా అలాగే ఉంటాయి. వీటి సంబంధం ఈనాటిది కాదు. వైద్య చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం వీటి మధ్యనే నడిచింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో పండ్ల పూర్ణం పెట్టి, పైన చీనీరసపు పూత పూసిన బిస్కెట్లు చేసుకొంటున్నారు కనుక, ఆ అధ్యాయాన్ని ఒకసారి తిరగవేయడం ప్రయోజనకరమని భావిస్తున్నాను.

రెండుసార్లు కాల్చిన రొట్టె

బిస్కెట్టు అన్న మాటకు మూలం లాటిన్ భాషలో ఉంది. ‘రెండుసార్లు వండినది’ అని దాని అర్థం. కాల్చిన రొట్టెను మళ్ళీ ఆరబెట్టి తేమను పూర్తిగా తీసివేస్తే అది నెలల తరబడి చెడదు. అందువల్లనే అది నావికుల ఆహారమైంది. 17వ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళంలో ఒక్కొక్క నావికునికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల బిస్కెట్టు కేటాయించేవారు. అందులో పిండి, నీరు, కొంచెం ఉప్పు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఆకలి తీరింది కాని ప్రాణం నిలవలేదు. నెలల తరబడి తాజా కూరలు, పండ్లు లేని నావికులకు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారేది. పళ్ళు కదిలిపోయేవి. ఎన్నడో మానిన గాయాలు తిరిగి తెరచుకొనేవి. దీనినే స్కర్వీ అంటారు. 1740–44 మధ్య కమొడోర్ జార్జి ఆన్సన్ నాయకత్వంలో భూప్రదక్షిణకు బయలుదేరిన సుమారు 1,900 మందిలో మూడింట రెండు వంతులకు పైగా మరణించారు. వారిలో శత్రువు చేతిలో చనిపోయినవారు బహుకొద్దిమంది. అత్యధికుల ప్రాణాలు తీసినవి వ్యాధులే, అందులోనూ ముఖ్యంగా స్కర్వీ.

1747 మే నెలలో ‘సాలిస్‌బరీ’ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది స్కర్వీ రోగులను ఎంచుకొని, ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లుగా విభజించాడు. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒకరికి ఆపిల్ సారా, ఒకరికి వెనిగర్, మరొకరికి సముద్రపు నీరు, ఇలా సాగింది ఆ పరీక్ష. ఒక జట్టుకు మాత్రం రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ ఇచ్చాడు. ఆరు రోజులలోనే ఓడలోని పండ్లు అయిపోయాయి. అయితేనేమి, అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు లేచి విధులలో చేరగలిగాడు. రెండవవాడు మిగిలిన రోగులకు సేవచేయగల స్థితికి వచ్చాడు. వైద్యంలో నియమబద్ధంగా జరిగిన తొలి పోలిక పరీక్షలలో ఒకటిగా దీనిని నేటికీ విద్యార్థులకు బోధిస్తారు.

మరిగిన రసం చేసిన అపకారం

ఇంతటి ఫలితాన్ని కళ్ళారా చూసిన లిండ్ మరొక సలహా కూడా ఇచ్చాడు. పండ్లు ఓడలో నిలువ ఉండవు కనుక, రసాన్ని గంటల తరబడి వేడిచేసి, చిక్కని పాకంగా మార్చి సీసాలలో నింపుకోవచ్చునన్నాడు. రుచి నిలిచింది, పులుపు నిలిచింది. రోగాన్ని కుదిర్చే గుణం మాత్రం చాలావరకు నశించింది. దానిని వాడినచోట ఆశించిన ఫలితం కనబడకపోవడంతో, నిమ్మజాతి పండ్ల మీదనే కొందరికి అనుమానం కలిగింది. చివరకు గిల్బర్ట్ బ్లేన్ వంటి వైద్యుల పట్టుదల వల్ల 1795లో నౌకాదళం నావికులకు మరిగించని నిమ్మరసం ఇవ్వడం ప్రారంభించింది. లిండ్ పరీక్ష జరిగిన 48 ఏళ్ళకు! అంతకు ముందటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు.

కారణం తెలియడానికి మరింత కాలం పట్టింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1928లో వేరుచేసిన పదార్థమే స్కర్వీని నివారించే విటమిన్ సి అని 1932లో రుజువైంది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మన చర్మాన్ని, చిగుళ్ళను, రక్తనాళాలను గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు తయారీకి ఈ విటమిన్ అవసరం. దానిని మన శరీరం తయారుచేసుకోలేదు. వేడికి, గాలికి అది తేలికగా నశిస్తుంది. లిండ్ పాకంలో జరిగినది ఇదే.

మన నేల, మన బేకరీలు

కోస్తావారు బత్తాయి అంటారు, మనం చీనీ అంటాము. ఈ పండు శాస్త్రీయ నామంలోని ‘సైనెన్సిస్’ అన్న మాటకు చీనా దేశానికి చెందినదని అర్థం. మన సీమ నోట నిలిచిన పేరు కూడ ఆ పుట్టుకనే గుర్తుచేస్తుంది. పులివెందుల ప్రాంతపు రైతులు బోర్లు ఎండిన కరవు సంవత్సరాలలో ట్యాంకర్లతో నీళ్ళు పోసి ఈ చెట్లను బతికించుకొన్నారు. అటువంటి పండు మంచం పక్కన వాడిపోవడం బాధాకరం.

ఇక బిస్కెట్టు మన దేశంలో బేకరీల ద్వారా వ్యాపించింది. కేరళలోని తలశ్శేరిలో మంబళ్ళి బాపు 1880లో బిస్కెట్టు కర్మాగారం నెలకొల్పాడు. 1892లో కలకత్తాలో బ్రిటానియాకు మూలమైన చిన్న వ్యాపారం ఆరంభమైంది. తెలుగువారికి ఫ్రూట్ బిస్కెట్టు అనగానే గుర్తుకువచ్చే కరాచీ బేకరీని దేశ విభజన తరువాత హైదరాబాదు చేరిన సింధీ వ్యాపారి ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో స్థాపించాడు. బజారులో దొరికే ఫ్రూట్ బిస్కెట్లలో కనబడే ఎర్రని, పచ్చని టూటీఫ్రూటీ ముక్కలు సాధారణంగా పచ్చి బొప్పాయిని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు కలిపినవి. రుచికి లోటులేదు కాని, వాటిని పండుగా లెక్కించడం సరికాదు.

ఇంట్లో చేసుకొనే విధానం

పూర్ణం పెట్టి మడవడం మనకు కొత్త విద్య కాదు. కజ్జికాయ చేయగలిగినవారు ఈ బిస్కెట్టునూ చేయగలరు. నూనెలో వేయించడానికి బదులు కాలుస్తాము, అంతే తేడా.

గోధుమపిండి 200 గ్రాములు, వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి 60 గ్రాములు, చిటికెడు ఉప్పు తీసుకోండి. వెన్నకు బదులు వనస్పతి వాడకండి. చల్లని వెన్నను పిండిలో వేళ్ళతో పొడిపొడిగా కలిపి, రెండు మూడు చెంచాల పాలతో ముద్ద చేసి అరగంట చల్లని చోట ఉంచండి. గింజ తీసిన ఖర్జూరాలు 100 గ్రాములు, బాగా మాగిన అరటిపండు ఒకటి మెత్తగా చేసి, గిన్నెకు అంటకుండా దగ్గరపడేవరకు సన్నని మంటపై కలిపి చల్లార్చితే పూర్ణం సిద్ధం. పిండిని 20 ఉండలు చేసి, చిన్న పూరీలుగా వత్తి, పూర్ణం పెట్టి మడిచి అంచులు నొక్కండి. ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 20 నిమిషాలలో బంగారు రంగుకు వస్తాయి. ఓవెన్ లేనివారు మందపాటి గిన్నెలో ఉప్పు లేదా ఇసుక పోసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, స్టాండు మీద పళ్ళెం ఉంచి, మూతపెట్టి సన్నని మంటపై కాల్చవచ్చు. అప్పుడు అరగంట దాకా పడుతుంది.

పూతకు 60 గ్రాముల చక్కెర పొడిలో రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్ల చీనీరసం, బాగా కడిగిన కాయ తొక్క తురుము కొద్దిగా కలపండి. తొక్క కిందనుండే తెల్లని పొర చేదు కనుక దానిని తాకనివ్వకండి. బిస్కెట్లు పూర్తిగా చల్లారిన తరువాతనే పూయండి. రసాన్ని పొయ్యి మీద పెట్టవద్దు. లిండ్ పాకం నేర్పిన పాఠం ఇదే.

అయినా ఒక లెక్క

పూత పచ్చిదే కదా, పండు తిన్నట్లే కదా అని కొందరు అడగవచ్చు. లెక్క చూద్దాం. 100 మిల్లీలీటర్ల చీనీరసంలో విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములుంటుంది. మనం వాడిన 10 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు. దానిని 20 బిస్కెట్లకు పంచితే ఒక్కొక్కదానికి పావు మిల్లీగ్రాము. భారత వైద్య పరిశోధనా మండలి 2020 సిఫార్సుల ప్రకారం పురుషునికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావాలి. అది బిస్కెట్ల ద్వారా రావాలంటే వందలకొద్దీ తినాలి! ఒక మోస్తరు చీనీకాయ తొనలు దాదాపు ఆ అవసరాన్ని తీరుస్తాయి.

మరొక వైపు, ఒక్కొక్క బిస్కెట్టులో సుమారు 110 కేలరీలు, మనం విడిగా కలిపిన చక్కెర 6 గ్రాములు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు చక్కెర శ్రేయస్కరమంటున్నది. రెండు బిస్కెట్లతోనే అందులో సగం పూర్తవుతుంది. కనుక పండుగకో, బంధువులు వచ్చినప్పుడో ఒకటి రెండు తినడంలో దోషం లేదు. పిల్లలకు ఉదయపు టిఫిన్‌గా, రోగికి పథ్యంగా మాత్రం ఇవి పనికిరావు. మధుమేహం ఉన్నవారు వీటికి దూరంగా ఉండడం మేలు. వారు చీనీకాయను కూడ రసంగా కాక తొనలుగా, పరిమితంగా తినాలి. మూత్రపిండాల వ్యాధిలో పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పినవారు చీనీకాయ విషయంలో వారినే సంప్రదించాలి.

పూతకు రెండు చెంచాల రసం పిండగా ఆ కాయలో చాలా భాగం మిగిలిపోతుంది. దానిని పారవేయకండి. బిస్కెట్ల పళ్ళెంలో నాలుగు కాయల తొనలు కూడ ఒలిచి పెట్టండి. ఒలిచి చేతికిస్తే పిల్లలూ తింటారు, రోగులూ తింటారు. ఎండు రొట్టె మాత్రమే ఉండి పండు లేనందువల్ల వేలమంది నావికులు మరణించారు. రెండూ ఒకే సంచిలో దొరికే మనకు, ఏది ఆహారమో ఏది రుచికోసమో తెలిసి ఉంటే చాలు.