ముడి బొమ్మకు రంగెలా అంటింది

భోజనాల బల్ల మీది గుడ్డ ఒకటి తీసుకోండి. రెండు కొసలు కాళ్లు, మిగతా రెండు కొసలు చేతులు. మధ్యలో ముడేస్తే తల. దాని మీద సిరా చుక్కలు పెడితే కళ్లు, ముక్కు, నోరు. పిల్లలకు ఇవ్వదగ్గ బొమ్మంటే ఇదీ అని ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1907లో అచ్చయిన ఒక వ్యాసంలో చెప్పాడు. నిజం జుట్టు, రంగు పూసిన బుగ్గలు ఉన్న అంగడి బొమ్మ ఆయనకు ససేమిరా గిట్టదు. అన్నీ అందులోనే ఉంటే ఇక పిల్ల ఊహించుకోవడానికి ఏం మిగిలిందంటాడు.

విదేశాల్లో ఇవాళ ‘ప్లే సిల్క్’ పేరుతో అమ్ముడవుతున్న రంగుల పట్టుగుడ్డకు పూర్వీకుడు ఈ ముడి బొమ్మే. మీటరు కూడా లేని చదరపు ముక్క. కుట్టు లేదు, బొమ్మ లేదు, వాడే పద్ధతి చెప్పే కాగితమూ లేదు. నీలం ముక్క నేల మీద పరిస్తే ఏరు, ఎరుపు ముక్క నలిపి పెడితే పొయ్యిలో మంట, నడుముకు చుట్టుకుంటే రాజుగారి దట్టీ.

స్టైనర్ కంటే ముందే పిల్లల చేతికి రంగుల ఉన్ని ఇచ్చినవాడు ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో పసిపిల్లల కోసం సంస్థ పెట్టి, దానికే తర్వాత కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆయన రూపొందించిన ఆటవస్తువుల్లో మొట్టమొదటివి ఆరు రంగుల ఉన్ని బంతులు. కానీ ఫ్రోబెల్ బంతికి ఒక పాఠం ఉంది, ఒక వరుస ఉంది. స్టైనర్ గుడ్డకు అవేమీ లేవు.

1919 సెప్టెంబరులో స్టుట్‌గార్ట్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ యజమాని ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం స్టైనర్ చేత బడి పెట్టించాడు. వాల్డార్ఫ్ బడి అన్న పేరు ఆ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. ప్లాస్టిక్ ముట్టనివ్వని ఈ చదువు సిగరెట్ల సొమ్ముతో మొదలైందన్న మాట. 1926లో ఎలిజబెత్ గ్రునేలియస్ అక్కడే పసిపిల్లల తరగతి నడిపింది. 1938లో నాజీలు ఆ బడిని మూయించారు. యుద్ధం అయ్యాక మళ్లీ తెరిచారు, ఆ తర్వాత దేశదేశాలకూ పాకింది. 1990ల చివరికి మన హైదరాబాద్‌కూ వచ్చింది. చెక్క చట్రాలు, వాటి మీద వేలాడే రంగుల గుడ్డలు, బుట్టలో రాళ్లు, గవ్వలు. ఏ ఊళ్లోనైనా ఈ బడిలో పసిపిల్లల గది ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

రంగుల మీద స్టైనర్‌కు సొంత సిద్ధాంతమే ఉంది. జర్మన్ కవి గేటే 1810లో అచ్చువేసిన రంగుల గ్రంథం ఆయనకు ఆధారం. చిరాకు, హుషారు ఎక్కువున్న పిల్లాడి చుట్టూ ఎరుపు ఉంచాలనీ, మందకొడిగా ఉండేవాడి చుట్టూ నీలం, ఆకుపచ్చ ఉంచాలనీ అదే 1907 వ్యాసంలో రాశాడు. కంటికి ఎరుపు కనబడితే లోపల దానికి ఎదురు రంగైన ఆకుపచ్చ పుడుతుందట, అది శాంతపరుస్తుందట. నాకు ఇది నమ్మబుద్ధి కాదు. పిల్లాడికి ఏ రంగు నచ్చితే అదే ఇవ్వడం మేలు.

ఇక ఈ గుడ్డలకు ఇంట్లో రంగు వేయడమన్నది అమెరికా వంటింటి కథ. నెబ్రాస్కాలోని హేస్టింగ్స్‌లో ఎడ్విన్ పెర్కిన్స్ అనే వ్యాపారి ‘ఫ్రూట్ స్మాక్’ అనే పానకాన్ని గాజు సీసాల్లో అమ్మేవాడు. దారిలో సీసాలు పగిలేవి, రవాణా ఖర్చు తడిసి మోపెడయ్యేది. ఆ బాధ పడలేక 1927లో దాన్ని పొడిగా మార్చాడు. అదే కూల్ ఎయిడ్. చక్కెర కలపని ఆ చిన్న పొట్లంలో ఆహార రంగు ఉంటుంది, నిమ్మ ఉప్పు ఉంటుంది. పట్టుకు, ఉన్నికి రంగు ఎక్కడానికి కావలసినవి సరిగ్గా ఆ రెండే. విషం లేదు, దుకాణంలో చవగ్గా దొరుకుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రంగు వేయాలనుకున్న తల్లులకు ఇంకేం కావాలి?

తినే రంగు బట్టకెందుకు ఎక్కుతుందో తెలియాలంటే చరిత్ర తిరగేసి చదవాలి. అసలు అవి బట్టల రంగుల వంశంలోవే. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ లండన్‌లో మలేరియా మందు కోసం ప్రయోగాలు చేస్తుంటే, తారు నుంచి తీసిన సరుకులోంచి ఊదారంగు బయటపడింది. దాన్ని పట్టు మీదే పరీక్షించి చూశాడు. ఆ దారిలోనే 1884లో వచ్చిన పసుపు రంగు టార్‌ట్రజీన్ మొదట ఉన్ని అద్దకానికే వాడారు. మన మిఠాయి రంగు డబ్బీల మీద ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. పట్టు, ఉన్ని రెండూ మాంసకృత్తులు. పులుపు తగిలితే వాటి పోగుకు ధన విద్యుదావేశం వస్తుంది, రంగుకేమో రుణావేశం. రెండూ పట్టుకుంటాయి. నూలుకు ఆ గుణం లేదు. అందుకే మచిలీపట్నం అద్దకంలో నూలుగుడ్డను ముందుగా కరక్కాయ నీళ్లలో ముంచి, పటిక పెట్టి, అప్పుడుగానీ రంగులో ఉడికించరు. పట్టుకు మిఠాయి రంగు ఎక్కడానికి ఆ తతంగం అక్కర్లేదు.

మన ఇళ్లలో పిల్లలు గుడ్డతో ఆడుకోవడం ఎవరో వచ్చి నేర్పాల్సిన విషయం కాదు. అమ్మ చీర చుట్టుకుని టీచరమ్మ ఆట, మంచాల మధ్య దుప్పటి కప్పి ఇల్లు, బొమ్మల పెళ్లికి దర్జీ కొట్టు నుంచి అడిగి తెచ్చుకున్న జాకెట్టు ముక్కలు, అన్నీ ఉన్నవే. కొత్తది ఒక్కటే: ఈ గుడ్డ పిల్లలదే, ఉతికి తిరిగి బీరువాలో పెట్టేది కాదు. అంగడి బొమ్మ వద్దన్న మనిషి పేరు చెప్పుకుని ఆ గుడ్డనే ఖరీదైన అంగడి సరుకు చేయడం మాత్రం నాకు విడ్డూరంగానే ఉంది.

రంగు వేసి అమ్మే గుడ్డ కొనక్కర్లేదు. దుకాణంలో తెల్ల చైనా సిల్క్ అడగండి. దానిలో బాగా పలచని రకం 90 సెంటీమీటర్ల చదరపు ముక్క 18 గ్రాములు కూడా తూగదు, ఎగరేస్తే నిదానంగా దిగుతుంది. లేదంటే పెళ్లిలో ఒక్కసారి కట్టి మళ్లీ ముట్టని తెల్ల పట్టు పంచె బీరువాలో ఉంటుందిగా. జరీ అంచు కత్తిరించి, ముక్కలు చేసి, అరగంట నీళ్లలో నానబెట్టండి. స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు, పావు కప్పు వెనిగర్, చిటికెడు మిఠాయి రంగు. నీళ్లు మరగకూడదు, మరిగితే పట్టు మెరుపు పోతుంది. ఆవిరి వస్తుండగా సన్న సెగ మీద ఉంచి కలుపుతూ ఉండండి. కాసేపటికి రంగంతా గుడ్డలోకి చేరి గిన్నెలో నీళ్లు తేటపడతాయి. పిల్లలు నోరు తెరుచుకుని చూసేది అక్కడే. ఊదా కోసం ఎరుపు, నీలం కలిపితే రెండూ ఒకే వేగంతో ఎక్కవు, మరకలు మరకలుగా వస్తుంది. అదీ బాగానే ఉంటుంది.

వంటింటి పసుపు కూడా పట్టుకు బాగా పడుతుంది. కాకపోతే ఎండకు వెలిసిపోతుంది, సబ్బు తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది. అందుకని నీడలో ఆరేయండి, కుంకుడు రసంతో ఉతకండి. మిఠాయి రంగుదైతే తడిసినప్పుడు కొంచెం దిగుతుంది, తెల్లబట్టలతో కలపొద్దు. మరీ పసిపిల్లలు మెడకు బిగించుకోకుండా ఒక కన్నేసి ఉంచండి. ఆ గుడ్డతో ఏం ఆడాలో మాత్రం మీరు చెప్పకండి.