బొగ్గు బాయి నుంచి మానని పుండు దాకా

శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన ముందే కోరినట్టు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జన్యుశాస్త్రం చదివినవారందరికీ ఆయన పేరు తెలుసు. షుగరు పుండ్లకు వాడుతున్న, ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించే హైపర్‌బారిక్ ఆక్సిజన్ చికిత్సలోనూ ఆ శరీరం పడ్డ కష్టం ఉంది.

కథ మొదలైంది మాత్రం బొగ్గు బాయిలో. భూపాలపల్లి కాకతీయ ఖనిలో దిగేవారికి, డోర్నకల్ మీదుగా పోయే ఇల్లెందు బొగ్గును చూస్తూ పెరిగినవారికి ఇది పరాయి సంగతి కాదు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గని ప్రమాదాలను పరిశోధించి, పేలుడు తర్వాత ఎక్కువమందిని చంపేది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని 1896లో తేల్చారు. ఒకసారి కొడుకునూ బాయిలోకి తీసుకుపోయారు. నిలబడి షేక్‌స్పియర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగం చెప్పమన్నారు. పైకప్పు కింద మీథేన్ పేరుకుని ఉంది. కాసేపటికే పిల్లవాడికి ఊపిరాడక కాళ్లు తేలిపోయి కూలబడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది. పాఠం ఒంటికి పట్టింది.

1939లో బ్రిటన్ జలాంతర్గామి థెటిస్ మునిగి 99 మంది చనిపోయారు. ఆ తర్వాత కొడుకు హాల్డేన్ తానే ఉక్కు గదిలో కూర్చుని, ఒత్తిడి పెంచుకుంటూ ఆక్సిజన్ పీల్చారు. ఫిట్స్ వచ్చాయి, వెన్నుపూస దెబ్బతింది. అధిక ఒత్తిడిలో ఆక్సిజన్ విషమవుతుందని ఫ్రాన్స్‌లో పాల్ బెర్ట్ 1878లోనే చెప్పారు. మనిషి ఎంతవరకు తట్టుకోగలడో తెలిసింది ఇలాంటి సాహసాల వల్లే.

1960లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వైద్యుడు బూరెమా పందుల రక్తంలోని ఎర్రకణాలను దాదాపు పూర్తిగా తీసేసి, మూడు రెట్ల వాతావరణ ఒత్తిడిలో ఆక్సిజన్ ఇచ్చి బతికించారు. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తరసిలో కరిగే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ పీలిస్తే అది దాదాపు 6కు చేరుతుంది. రక్తం సరిగా అందని పుండు అంచుకూ అది చేరి, తెల్లకణాలకు బలమిస్తుంది, కొత్త రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడుతుంది. ఛాంబర్‌లో రోజుకు గంటన్నర నుంచి రెండు గంటలు, అలా 20 నుంచి 40 సార్లు కూర్చోవాలి.

ఇంత చేసినా అందరికీ ఫలితం రాదు. షుగరు పుండ్లపై జరిగిన పరీక్షల్లో కొన్ని మేలు చూపాయి, మరికొన్ని పెద్ద తేడా లేదన్నాయి. నా మటుకు ఇది తోడు వైద్యమే. చచ్చిన కండ తీయడం, పుండు మీద బరువు పడకుండా చూడడం, రక్తప్రసరణ సరిచేయడం, షుగరు అదుపు ముందు జరగాలి.

చూపించుకోవడానికి ఇప్పుడు దగ్గర్లోనే చోటుంది: మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. షుగరు ఉన్నవారు రోజూ అరికాళ్లు చూసుకోండి, పొలానికి చెప్పులు లేకుండా పోకండి. పుండు కనబడితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.