పది గోల్స్ ఎవరి ఖాతాలో?

ఆత్మకూరులో పెరిగినోడివి, నీకు ఫుట్‌బాల్ ఎందుకయ్యా అంటారేమో. నిజమే, మా దగ్గర సెలవొస్తే క్రికెట్టే. కానీ ఈ కథలో పెద్దమనిషి మన హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిన కోచ్.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌కీ ఆయనే కోచ్. ముందటేడు ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచిన మన జట్టు, అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్ళలో చాలామంది ఒట్టికాళ్ళతో ఆడారు. తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఈరోజుకీ ఆ ఓటమి అనగానే అందరూ చెప్పేది బూట్ల కథే.

సర్వర్ కూలిపోతే "ర్యామ్ పెంచండి" అన్నట్టుంటుంది ఇది. ర్యామ్ తక్కువే, కాదనను. డిజైన్ సంగతేంటి? ఇంగ్లండ్‌లో 1925లో ఆఫ్‌సైడ్ రూల్ మారాక అక్కడి జట్లు మూడో బ్యాక్‌ని పెట్టుకున్నాయి. మనం ఇంకా ఇద్దరితోనే. ఆ పాత పద్ధతిలో జట్టుని దించిన బాధ్యత కోచ్‌దే. రహీం సాబ్ అభిమానులు (నేనూ ఒకణ్ణే) తిట్టుకున్నా సరే.

మా ఉదయగిరి కొండ చూసినప్పుడల్లా నాకో సంగతి గుర్తొస్తుంది. రాయలవారు 1513లో ఆ కోటని ముట్టడించి ఏడాదిన్నర కూర్చున్నారు. బండలు పగలగొట్టించి, సైన్యం బురుజుల దాకా పోవడానికి దారులు వేయించారని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. జనం చాలక కాదు, దారి లేక.

రహీం కూడా దారే మార్చాడు. వెనక ముగ్గురు బ్యాక్‌లు. హెల్సింకి ఫైనల్లో అదే యుగోస్లావియాని ఓడించిన హంగేరీని చూసి, సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగాడు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో మళ్ళీ యుగోస్లావియానే! మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడాం గానీ, పదెక్కడ, నాలుగెక్కడ?

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ణి కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. ఫైనల్లో అదే కొరియాపై 2-1, ఒక గోల్ జర్నైల్‌దే. ఓడుంటే మాత్రం, కుట్లేసిన మనిషిని ఆడించిన తప్పు కూడా ఆయన ఖాతాలోనే రాసేవాణ్ణి.

మరుసటేడు, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం మనకి మళ్ళీ రాలేదు.