చారిత్రక కల్పనలో తారుమారైన గుర్తింపు: రాకుమారుడు, పేద బాలుడు

1. పరిచయం

'రాజు-పేద' అనగానే మీలో కొందరికి 1954లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం గుర్తుకు రావచ్చు. ఆ కథకు మూలం అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ నవల 'ద ప్రిన్స్ అండ్ ద పాపర్'. ఇది 1881లో వెలువడింది. ఇంగ్లండు రాకుమారుడు ఎడ్వర్డ్, లండన్ మురికివాడకు చెందిన టామ్ కాంటీ అనే బాలుడు సరదాగా దుస్తులు మార్చుకుంటారు. దాంతో ఒకరి జీవితంలోకి మరొకరు వెళ్ళిపోతారు. ఇటువంటి కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత? చరిత్ర విద్యార్థిగా మీరు దాన్ని ఎలా చదవాలి? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. దుస్తులే గుర్తింపు

దుస్తులు మారినంత మాత్రాన రాకుమారుణ్ణి ఎవరూ గుర్తుపట్టకపోవడం నేటి పాఠకులకు వింతగా అనిపిస్తుంది. కాని 16వ శతాబ్దపు పరిస్థితులను గమనించండి. అప్పుడు ఛాయాచిత్రాలు లేవు, గుర్తింపు పత్రాలు లేవు. రాజును దగ్గరగా చూసిన సామాన్యులు బహు కొద్దిమంది. మనిషి అంతస్తును తెలిపేది ప్రధానంగా అతని వేషమే. ఇది కేవలం ఆచారం కాదు, చట్టం కూడా. ఏ అంతస్తువారు ఏ రకం బట్టలు ధరించవచ్చో 1533లో ఎనిమిదవ హెన్రీ కాలపు చట్టం నిర్దేశించింది. ఊదారంగు పట్టును రాజకుటుంబానికే ప్రత్యేకించింది. కాబట్టి చిరిగిన బట్టలలో ఉన్న ఎడ్వర్డ్‌ను కాపలావారు గెంటివేయడం ఆ సమాజపు నియమానికి అనుగుణంగానే ఉంది.

నవల చివరలో ఎడ్వర్డ్ తానెవరో నిరూపించుకునేది రాజముద్ర ద్వారా. అది ఎక్కడ ఉందో చెప్పగలిగినవాడే రాజు. అంతవరకు దాని విలువ తెలియని టామ్ దానితో గింజలు పగలగొట్టుకుని తిన్నాడు! అధికారం మనిషిలో ఉందా, అతని చేతిలోని చిహ్నంలో ఉందా అన్న ప్రశ్నను ట్వేన్ ఈ హాస్య సన్నివేశంలో ఇమిడ్చాడు. వాస్తవంలో రాజముద్ర సాధారణంగా ఛాన్సలర్ అధీనంలో ఉండేది.

3. చరిత్రలో జరిగిన మార్పిడి

నవలలోని మార్పిడి కల్పితం. అయితే ఎడ్వర్డ్ తాత ఏడవ హెన్రీ కాలంలో దీనికి దగ్గరి సంఘటన నిజంగానే జరిగింది. లాంబర్ట్ సిమ్నెల్ సుమారు పదేళ్ళ సామాన్య కుటుంబపు బాలుడు. హెన్రీ వ్యతిరేకులు అతణ్ణి రాజవంశీకుడైన వార్విక్ ఎర్ల్‌గా ప్రకటించి, 1487 మే 24న డబ్లిన్‌లో కిరీటధారణ జరిపారు. అసలు వార్విక్ అప్పటికే లండన్ టవర్‌లో బందీ. హెన్రీ అతణ్ణి బయటికి తెచ్చి లండన్ ప్రజలకు చూపించాడు. అయినా తిరుగుబాటు ఆగలేదు. జూన్ 16న స్టోక్ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడిపోయారు.

తరువాత జరిగినదే ముఖ్యం. సిమ్నెల్‌ను రాజు క్షమించి వంటశాలలో పనికి పెట్టాడు. ఆ తరువాత అతడు వేటడేగలను సాకే పనివాడయ్యాడు. ఏ సైన్యాన్నీ నడపని అసలు వార్విక్‌కు మాత్రం 1499లో మరణశిక్ష అమలైంది. నకిలీ వారసుణ్ణి అతని సామాన్యత కాపాడింది. అసలు వారసునికి అతని పుట్టుకే ప్రాణాంతకమైంది.

4. దయగల రాజు: కల్పన, వాస్తవం

నవలలో ఎడ్వర్డ్ వీధులలో పేదల బాధలను, క్రూరమైన శిక్షలను కళ్ళారా చూస్తాడు. ఆ అనుభవంతో దయగల రాజవుతాడు. పాలకునికి ప్రజల కష్టం తెలిస్తే న్యాయం జరుగుతుందన్నది ఈ కథ అందించే నమ్మకం.

చరిత్ర చెప్పేది వేరు. 1547 జనవరి 28న హెన్రీ మరణించినప్పుడు ఎడ్వర్డ్ వయస్సు తొమ్మిదేళ్ళు. అధికారం అతని మేనమామ ఎడ్వర్డ్ సీమోర్ చేతికి వచ్చింది. అదే సంవత్సరం బాలరాజు పేరుతో పార్లమెంటు ఒక కఠిన చట్టం చేసింది. పని చేయకుండా తిరిగేవారి రొమ్ముపై వాత వేసి, రెండేళ్ళపాటు బానిసలుగా అప్పగించవచ్చని అది పేర్కొంది. కంచెలు వేసి పొలాలను గొర్రెల మేతకు మళ్ళించడం, మఠాల రద్దుతో దానధర్మాలు తగ్గడం మొదలైన కారణాలు పేదలను రోడ్లపైకి నెట్టిన కాలమది. చట్టం కారణాలను వదిలి బాధితులను శిక్షించింది. మితిమీరిన కాఠిన్యం వల్ల అది అమలుకు నోచుకోక 1550లో రద్దయింది.

1552–53లో అనాథ బాలలకు క్రైస్ట్స్ హాస్పిటల్, నిరుపేదలకు బ్రైడ్‌వెల్ ఎడ్వర్డ్ పేరుతో ఏర్పడినమాట నిజమే. కాని వాటి వెనుక లండన్ నగర పెద్దల కృషి ఉంది. ఎడ్వర్డ్ పదిహేనేళ్ళ వయస్సులో 1553 జూలై 6న మరణించాడు.

5. సారాంశం

చారిత్రక కల్పనను తప్పుల పట్టికగా చదవకండి, సాక్ష్యంగానూ స్వీకరించకండి. ఈ నవల ట్యూడర్ సమాజంలో అంతస్తు ఎంతగా వేషంపై ఆధారపడిందో చక్కగా చూపుతుంది. కాని పేదరికానికి రాజు మంచితనాన్ని పరిష్కారంగా చూపినచోట మీరు ఆగి ప్రశ్నించాలి. చట్టం ఎవరు చేశారు? ఎవరికోసం చేశారు? ఎందుకు విఫలమైంది? ఇద్దరు బాలురు దుస్తులు మార్చుకున్నా వారిని వేరుచేసిన వ్యవస్థ మారలేదు. చరిత్ర విద్యార్థి దృష్టి ఆ వ్యవస్థపైనే నిలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ట్యూడర్ ఇంగ్లండులో దుస్తులకు, సామాజిక అంతస్తుకు గల సంబంధాన్ని వివరించండి.
2. సిమ్నెల్, వార్విక్‌ల గతిని పోల్చండి.
3. 1547 నాటి చట్టం ఆధారంగా నవలలోని 'దయగల రాజు' భావనను విమర్శించండి.