మత్తుమందు – అడ్రినల్ గ్రంథి

పెద్ద ఆపరేషను అనగానే చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తెలుగువారము బెంగుళూరు దారి పట్టుదుము. కోతకన్న మత్తన్ననే మనకు భయము మెండు. ఆ భయమునకు ఒక చరిత్ర గలదు.

1888, 1889 సంవత్సరములలో నిజాం ప్రభుత్వ ప్రాపున హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు జరిగినవి. డాక్టరు ఎడ్వర్డ్ లారీ వాటికి ముఖ్యుడు. జంతువులపై పరీక్షించి, మత్తులో ముందు ఆగునది ఊపిరియే గాని గుండె కాదని తేల్చిరి. అది సగము నిజమే. క్లోరోఫారం మత్తు పలుచగా నున్నప్పుడు అడ్రినలిన్ చేరినచో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో ఇంగ్లండు డాక్టరు గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షించి చూపెను.

అడ్రినలిన్ మన మూత్రపిండములపై టోపీలవలె నుండు అడ్రినల్ గ్రంథులలో పుట్టును. అందు ఫియోక్రోమోసైటోమా అను గడ్డ లేచినచో ఆ రసము హద్దు లేక పొంగును. తలనొప్పి, చెమటలు, గుండెదడ వచ్చి పోవుచుండును, రక్తపుపోటు ఎగయును. ఇది తెలియక మత్తిచ్చుట ప్రాణాపాయము. 1926లో స్విట్జర్లాండులో రూ, అమెరికాలో ఛార్లెస్ మేయో అట్టి గడ్డలను తీసి రోగులను బ్రతికించిరి.

నేడు ముందుగా కొన్ని దినములు ఆల్ఫా నిరోధక మందులతో పోటు దింపుదురు. అవసరమైన, ఆపైననే దడకు బీటా మందు. ఈ వరుస తప్పరాదు. గడ్డ తీయగానే పోటు పడిపోవచ్చును గనుక దానికిని సిద్ధపడి యుందురు.

దడ, చెమటలు పట్టిన మనవారు దిష్టి యందురు. దిష్టి తీసినను తీయుడు. మత్తు డాక్టరు అడిగినప్పుడు మాత్రము ఏదియు దాచకుడు. ఈ ఉగాదికి మా మనవి యిదే.