పటియాలా మోనోరైలు: పాత రైలు సామగ్రి సేకరణలో మూలం, పూరణం

పాత రైలు సామగ్రి సేకరణ చరిత్రను పరిశీలిస్తే, భద్రపరచాలన్న సంకల్పం కంటే పారవేయడంలో జరిగిన జాప్యమే కొన్ని అరుదైన వస్తువులను కాపాడినట్లు కనిపిస్తుంది. పటియాలా సంస్థానపు మోనోరైలు అందుకు తగిన ఉదాహరణ.

1907లో ప్రారంభమైన ఈ మార్గాన్ని కర్నల్ బౌల్స్ ఈవింగ్ పద్ధతిలో నిర్మించారు. బండి బరువులో అత్యధిక భాగాన్ని నేలపై పరచిన ఒకే ఒక పట్టా మోస్తుంది. మిగిలిన కొద్దిపాటి బరువు పక్కనున్న పెద్ద చక్రంపై పడుతుంది. ఆ చక్రం మామూలు రోడ్డు మీదనే దొర్లుతుంది. సంస్థానం సైన్యం కోసం పోషిస్తున్న కంచరగాడిదలతో బండ్లు లాగించాలన్నది తొలి ఆలోచన. తరువాత బెర్లిన్‌లోని ఓరెన్‌స్టైన్ అండ్ కొప్పెల్ సంస్థ నుండి నాలుగు ఆవిరి ఇంజన్లు తెప్పించారు. 1927లో మార్గం మూతపడింది.

ఇంజన్లు మాత్రం పటియాలాలోనే పబ్లిక్ వర్క్స్ శాఖ షెడ్డులో ఉండిపోయాయి. 1962లో రైల్వే చరిత్రాభిమాని మైకేల్ సాటో గుర్తించేవరకు, అంటే 35 సంవత్సరాలపాటు, వాటిని ఎవరూ గౌరవించలేదు. తుక్కు కింద అమ్మనూ లేదు. ఆ ఉపేక్షే వాటికి రక్ష అయింది. ఉత్తర రైల్వే అమృత్‌సర్ వర్క్‌షాపు ఒక ఇంజన్‌ను తిరిగి నడిచే స్థితికి తెచ్చింది. అది నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. 1971లో ఈ మ్యూజియానికి శంకుస్థాపన చేసిన రాష్ట్రపతి వి.వి. గిరి ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించినవారు కావడం, యాదృచ్ఛికమే అయినా, గమనార్హం.

అసలు చిక్కు ఇంజన్‌తో జతచేసిన పెట్టె విషయంలో ఉంది. చీఫ్ ఇంజనీరు తనిఖీ పెట్టెను పాత అడుగు చట్రంపై కొత్తగా కట్టారు. ఇది దోషం కాదు. ఉత్త చట్రాన్ని చూసి బండి రూపాన్ని ఊహించుకోవడం సామాన్య సందర్శకునికి కష్టం. అయితే తాళపత్ర ప్రతిలో లుప్తమైన భాగాన్ని పూరించిన పరిష్కర్త, ఆ పూరణాన్ని కుండలీకరణాలలో వేరుచేసి చూపుతాడు. సేకరించిన యంత్రసామగ్రికి కూడా ఈ నియమమే వర్తించాలి. పాత చట్రం ఎక్కడ ముగిసిందో, కొత్త పని ఎక్కడ మొదలైందో తెలియకపోతే, తరువాతి కాలపు పునర్నిర్మాణమే 1907 నాటి సాక్ష్యంగా చలామణి అవుతుంది.

మరొక విషయం. పటియాలా మార్గానికి ప్రతినిధులుగా నిలిచిన ఈ జతలో ఒకటి జర్మనీ ఇంజన్, రెండవది అధికారి ప్రయాణించిన పెట్టె. మొత్తం యోచనకు మూలమైన కంచరగాడిదల జాడ అందులో లేదు.